ఎనిమిది డాలర్ల నోటు, నీలి అట్ట పుస్తకం



యూనిట్ టెస్టు పేపర్లు ఇంటికి వచ్చినప్పుడు మార్కులు చూసి పక్కన పెట్టేయకుండా, ఇంగ్లీష్ డిక్టేషన్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎర్ర ఇంకుతో చుట్టిన మాటలు అక్కడ రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్ని అసలు ఇంగ్లీషులోనే లేని స్పెల్లింగులు. కొన్ని మాత్రం నిఖార్సైన ఇంగ్లీషు మాటలే, అక్షరం కూడా పొల్లుపోలేదు. కాకపోతే అక్కడ ఉండాల్సిన మాట అది కాదు. ‘వాళ్ల’ అనే అర్థం రావాల్సిన చోట ‘అక్కడ’ అనే మాట ఉంటుంది. ‘రాయి’ అనాల్సిన చోట ‘కుడివైపు’ అనే మాట ఉంటుంది.

ఈ రెండో రకం తప్పు చేసిన పిల్లవాడు టీచర్ చెప్పింది సరిగ్గానే విన్నాడు, విన్నది సరిగ్గానే రాశాడు. అయినా మార్కు పోయింది. ఇంటికెళ్తే అమ్మో నాన్నో ఇంత చిన్న మాట కూడా రాదా అని విసుక్కుంటారు. మనలో చాలామందిమి తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషుతో కుస్తీ పట్టి ఇక్కడిదాకా వచ్చినవాళ్లం. ఆ విసుగు వెనక మన భయం కూడా కొంత ఉంటుంది.

ఈ వ్యాసం తెలుగు పేజీలో వస్తోంది కాబట్టి ముందే ఒక చిక్కు చెప్పాలి. తెలుగులో ‘రైట్’ అని రాస్తే అది ఏ రైట్? ఆర్-ఐ-జి-హెచ్-టి రైటా? డబ్ల్యూ-ఆర్-ఐ-టి-ఇ రైటా? పూజాపద్ధతి అనే అర్థమిచ్చే ఆర్-ఐ-టి-ఇ రైటా? తెలుగు లిపికి ఆ మూడూ ఒక్కటే, ఎందుకంటే మన లిపి చెవిని నమ్ముతుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ చెవిని నమ్మదు. మీ పిల్లల కష్టమంతా ఈ రెండింటి మధ్య ఉంది.

ఈ కష్టంతో జీవితమంతా కుస్తీ పట్టిన ఒక బడిపంతులు కథ ఈ నెల చెప్పుకుందాం. ఆయన పేరు నోవా వెబ్‌స్టర్. మీ ఇంట్లో డిక్షనరీ ఉంటే దాని అట్ట మీద ఆ పేరు చూసే ఉంటారు.

వెబ్‌స్టర్ 1758 అక్టోబర్ 16న అమెరికాలోని కనెటికట్‌లో, హార్ట్‌ఫర్డ్ ఊరికి పడమటి భాగంలో పుట్టాడు. అప్పటికి అమెరికా అనే దేశం లేదు, అవన్నీ ఇంగ్లండ్ రాజు కింద ఉన్న వలస రాజ్యాలు. తండ్రి రైతు, ఊళ్లో చర్చి పెద్దల్లో ఒకడు. కొడుక్కి పొలం పని కంటే పుస్తకం మీద ధ్యాస ఎక్కువని ఆయన త్వరగానే గ్రహించాడు. కాలేజీ చదువు చెప్పించాలంటే డబ్బు లేదు. పొలాన్ని తనఖా పెట్టాడు. ఫీజు కట్టే రోజు దగ్గర పడుతుంటే బంగారం గురించో పొలం గురించో ఆలోచించిన తల్లిదండ్రులకు ఈ వాక్యం ఎక్కువ వివరించనక్కర్లేదు.

1774లో, పదహారేళ్లు ఇంకా నిండకుండానే, కుర్రాడు యేల్ కాలేజీలో చేరాడు. ఏడాది తిరక్కుండానే ఇంగ్లండ్‌తో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. ఒక దశలో తిండి దొరక్క కాలేజీ తరగతుల్ని వేరే ఊళ్లకు తరలించారు. 1778లో డిగ్రీ చేతికొచ్చింది. ఇంటికి వచ్చిన కొడుకు చేతిలో తండ్రి ఎనిమిది డాలర్ల కాగితం నోటు ఒకటి పెట్టి, ఇక నీ బతుకు నువ్వే చూసుకోవాలి నాయనా అన్న అర్థంలో చెప్పేశాడు. యుద్ధకాలపు నోటు, దాని మీద రాసి ఉన్నంత విలువ కూడా చేసేది కాదు. కుర్రాడికి వయసు పంతొమ్మిది. గదిలోకి వెళ్లి తలుపేసుకుని కొన్ని రోజులు బయటికి రాలేదు. ఆ తండ్రి కఠినుడని నేననను. ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

లాయర్ కావాలని వెబ్‌స్టర్ కోరిక. లా చదవడానికి డబ్బు కావాలి, డబ్బుకి దొరికిన పని పంతులు ఉద్యోగం. ఆనాటి బడి అంటే ఒకే గది, అందులో అన్ని వయసుల పిల్లలు అరవై డెబ్బై మంది, వీపు ఆనించుకోవడానికి లేని బల్లలు, చలికి ఒక మూల పొయ్యి. పుస్తకాలు ఏవంటే బైబిలు, లండన్‌లో థామస్ డిల్‌వర్త్ అనే ఆయన 1740లో వేసిన స్పెల్లింగ్ పుస్తకం. వెబ్‌స్టర్ లా పరీక్ష 1781లో పాసయ్యాడు. కానీ యుద్ధం మధ్యలో కేసులెక్కడివి? మళ్లీ పంతులే అయ్యాడు. 1782లో న్యూయార్క్ రాష్ట్రంలోని గోషెన్ అనే ఊరికి చేతిలో దాదాపు చిల్లిగవ్వ లేకుండా చేరాడు. పగలు పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు సొంతంగా ఒక స్పెల్లింగ్ పుస్తకం రాయడం మొదలుపెట్టాడు.

ఎందుకు? డిల్‌వర్త్ పుస్తకంలో ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లండ్‌వి. అమెరికా పిల్లలకి అవి ఏ మూల ఉన్నాయో కూడా తెలియదు. మాటల్ని విడగొట్టే పద్ధతి కూడా లాటిన్ నియమాల ప్రకారం ఉండేది. ‘క్లస్టర్’ అనే మాటని ‘క్ల-స్టర్’ అని విడగొట్టి చదివించేవారు. నోటికి సహజంగా వచ్చేది ‘క్లస్-టర్’ కదా, అలాగే విడగొడదాం అన్నాడు వెబ్‌స్టర్. వినడానికి చిన్న సంగతి. పిల్లవాడి నోటికీ పుస్తకానికీ మధ్య ఉన్న ఒక గోడ దాంతో కూలింది.

ఆ పుస్తకం 1783లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయింది. మొదటి ముద్రణ ఐదు వేల ప్రతులు. యేల్ కాలేజీ పెద్దాయన సలహా మీద దానికి నోరు తిరగని పేరొకటి పెట్టారు. కొన్నేళ్లకే ఆ పేరు మార్చి ‘అమెరికన్ స్పెల్లింగ్ బుక్’ అన్నారు. జనం ఆ రెండు పేర్లూ పట్టించుకోలేదు. చవక నీలి కాగితం అట్ట వేసి అమ్మేవారు కాబట్టి నీలి అట్ట పుస్తకం అనే పిలిచారు. దాని మొదటి పేజీలు చూస్తే మనకి నవ్వొస్తుంది. హల్లుకి ఒక్కో అచ్చు చేర్చి బ, బె, బి, బొ, బు అంటూ వరసలు. మన గుణింతమే! పిల్లలు కోరస్‌గా వల్లె వేసేది కూడా మనలాగే. తర్వాత ఒక అక్షరఖండం మాటలు, రెండు ఖండాల మాటలు, చివరికి కొన్ని నీతి కథలు. ఆపిల్ చెట్టెక్కి కాయలు దొంగిలించిన కుర్రాడి కథ అందులో అందరికీ గుర్తుండిపోయింది.

మన సంగతి ఆ పుస్తకం చివరి భాగంలో ఉంది. ఉచ్చారణ ఒకటే అయి, స్పెల్లింగూ అర్థమూ వేరైన మాటల పట్టిక అది. ఒక్కో మాట పక్కన రెండు మూడు మాటల్లో అర్థం. పెంచి పెద్దచేసిన అని ఒక ‘బ్రెడ్’ పక్కన, తినేది అని ఇంకో ‘బ్రెడ్’ పక్కన. నిజం చెప్పాలంటే ఈ ఆలోచన వెబ్‌స్టర్‌ది కాదు. డిల్‌వర్త్ పుస్తకంలోనే అలాంటి పట్టిక ఉంది, ఒక మాటకి బదులు ఇంకో మాట రాయకుండా కాపాడుతుందని మొదటి పేజీలోనే చెప్పుకున్నారు కూడా. అంటే మీ అబ్బాయి గత వారం చేసిన తప్పు లండన్ పిల్లలు 1740లో చేశారు, బోస్టన్ పిల్లలు 1783లో చేశారు. వాళ్లంతా పుట్టుకతో ఇంగ్లీషువాళ్లే.

ఇంగ్లీషుకి ఈ గతి ఎందుకు పట్టిందో ఇక్కడే చెప్పుకుంటే మంచిది. ఈ మాటల్లో చాలా జతలు ఒకప్పుడు వేరువేరుగానే పలికేవి. రాత్రి అనే అర్థమిచ్చే ‘నైట్’కీ, గుర్రం మీద యుద్ధం చేసే వీరుడు ‘నైట్’కీ తేడా కె అక్షరం. వందల ఏళ్ల కిందట ఆ కె నిజంగా పలికేది. రాయడం అనే ‘రైట్’లో ముందున్న డబ్ల్యూ కూడా పలికేది. మాంసం అనే ‘మీట్’, కలుసుకోవడం అనే ‘మీట్’, ఈ రెంటిలోనూ అచ్చులు వేరుగా ఉండేవి. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండ్‌లో అచ్చు యంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడిపోయాయి. నోరు మాత్రం మారుతూనే పోయింది. నోట్లో కలిసిపోయిన మాటలు కాగితం మీద విడిగా మిగిలాయి.

మనకీ ఇలాంటిది జరిగింది. పాత తెలుగు పుస్తకం ఏదైనా తెరిస్తే గుఱ్ఱము, ఱెక్క అని బండి ‘ఱ’తో కనిపిస్తాయి. ఆ ‘ఱ’ శబ్దం, మామూలు ‘ర’ శబ్దం ఒకప్పుడు వేరు. నోట్లో రెండూ కలిసిపోయాక మనం ఆ అక్షరాన్నే పక్కన పెట్టేశాం. గుర్రం, రెక్క అని రాసుకుంటున్నాం. పెద్దలు కొంత గొణిగారు, బండి మాత్రం ఆగలేదు.

వెబ్‌స్టర్‌కి ఇంగ్లీషులో సరిగ్గా అదే చేయాలనిపించింది. కానీ దానికి ముందు కడుపు నిండాలి కదా. పుస్తకం బాగా అమ్ముడుపోతోందని తెలిస్తే పక్క రాష్ట్రంలో ఎవడో అచ్చేసుకుంటాడు. దేశమంతటికీ వర్తించే కాపీరైట్ చట్టం అప్పటికి లేదు. అందుకని ఆయన కాలికి బలపం కట్టుకుని రాష్ట్రం రాష్ట్రం తిరిగాడు. గుర్రాల మీద, బగ్గీల మీద, పడవల మీద. ఒక్కో శాసనసభ పెద్దల్ని కలిసి చట్టం చేయండని అడిగాడు. 1785లో జార్జ్ వాషింగ్టన్ ఇంటికి కూడా వెళ్లాడు. దారి ఖర్చులకి ఊళ్లలో ఇంగ్లీషు భాష మీద టికెట్ పెట్టి ఉపన్యాసాలిచ్చాడు. ఏ పట్టణానికి వెళ్లినా అక్కడ ఎన్ని ఇళ్లున్నాయో స్వయంగా లెక్కపెట్టి డైరీలో రాసుకునేవాడు. మనిషి తీరు అది. లెక్క తేలాలి, వరసలో ఉండాలి. కొంచెం డాబు కూడా ఎక్కువే, ఎదుటివాళ్లతో తగువుకి ఎప్పుడూ సిద్ధం. ఆయన్ని మెచ్చుకున్నవాళ్లు కూడా ఆయనతో కూర్చోవడం కష్టమనే అనుకుని ఉంటారు. దేశమంతటికీ కాపీరైట్ చట్టం 1790లో వచ్చింది.

మొదటి రోజుల్లో డబ్బు అవసరానికి ఆ పుస్తకం హక్కుల్ని చాలా తక్కువకి అమ్ముకున్నాడు. తర్వాత కూడా ప్రతికి ఒక సెంటు కూడా రాలేదు. అయినా కోట్ల ప్రతులు అమ్ముడైన పుస్తకం కాబట్టి, ముప్పై నలభై ఏళ్లు ఆ ఇంటికి అన్నం పెట్టింది అదే.

1789లో బోస్టన్ అమ్మాయి రెబెకా గ్రీన్‌లీఫ్‌ని పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది తన ఉపన్యాసాల్ని పుస్తకంగా వేసి నష్టపోయాడు. ఆ పుస్తకం చివర ఉన్న భాగమే మనకి ముఖ్యం. అందులో స్పెల్లింగుల్ని ఉచ్చారణ ప్రకారం మార్చేద్దామన్నాడు. పలకని అక్షరాలు తీసేయాలి. తల అనే ‘హెడ్’లో ఎ అనవసరం, హెచ్-ఇ-డి చాలు. స్నేహితుడు ‘ఫ్రెండ్’లో ఐ అక్కర్లేదు. తినే ‘బ్రెడ్’ని బి-ఆర్-ఇ-డి అని రాసుకుందాం.

ఆగండి. బి-ఆర్-ఇ-డి అంటే పెంచి పెద్దచేసిన అనే ఇంకో మాట కదా? తన పట్టికలో పిల్లలకి వేరు చేసి చూపించిన రెండు మాటల్ని ఈయనే కలిపేస్తున్నాడు! పట్టిక రాసినవాడే పట్టికని చెరిపేయమంటున్నాడన్నమాట.

ఈ అభ్యంతరం వస్తుందని ఆయనకి తెలుసు. జవాబు ఆయన పెద్ద స్నేహితుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర దొరికింది. ఫ్రాంక్లిన్ కూడా శబ్దం ప్రకారం రాసే లిపి ఒకటి ఎప్పుడో తయారుచేసుకున్నవాడే. ఆయన వాదన ఇది. ఆ తేడా నోటి మాటలో ఎప్పుడో పోయింది. అయినా మనం మాట్లాడుకునేటప్పుడు తికమక పడటం లేదు, వాక్యమే ఏ మాటో చెప్పేస్తోంది. వినేటప్పుడే ఇబ్బంది లేకపోతే, తీరిగ్గా చదివేటప్పుడు ఇంకా ఉండదు.

ఇది ఎంత నిజమో తెలుగువాళ్లకి ఒక్క మాట చాలు. అడుగు. టీచర్‌ని అడుగు. గిన్నె అడుగు. ఒక అడుగు ముందుకెయ్యి. ఆరు అడుగుల పొడవు. రాసేది ఒకటే, పలికేది ఒకటే. గిన్నె అడుగు మాడిందంటే ఎవరూ పాదం చూసుకోరు.

దేశం మాత్రం వెబ్‌స్టర్ మాట పూర్తిగా వినలేదు. కలర్, ఆనర్ లాంటి మాటల్లో యు తీసేస్తే ఒప్పుకుంది. సెంటర్, థియేటర్ చివర ఆర్-ఇ ని ఇ-ఆర్ చేస్తే ఒప్పుకుంది. అమెరికా వెళ్లిన మన పిల్లల ఈమెయిళ్లలో ఈరోజు కనిపించే స్పెల్లింగులు అవే. నాలుక అనే ‘టంగ్’ని టి-యు-ఎన్-జి అని రాయమంటే మాత్రం నవ్వారు. బ్రెడ్ పాత బ్రెడ్‌గానే ఉండిపోయింది. వయసు పెరిగేకొద్దీ ఆయనే చాలా మార్పుల్ని వెనక్కి తీసుకున్నాడు. నా ఉద్దేశంలో జనం చేసిందే మంచిది. వాక్యం అర్థం చెబుతుందన్నది నిజమే, కానీ చూడగానే కంటికి తేడా తెలియడం చదివేవాడికి పెద్ద సాయం. పిల్లలకి నేర్చుకునేటప్పుడు పడే కష్టం, జీవితాంతం వేగంగా చదవడానికి పనికొస్తుంది.

న్యూయార్క్‌లో కొన్నేళ్లు దినపత్రిక నడిపాడు, అంటువ్యాధుల మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఇవి ఇక్కడ మనకి అక్కర్లేదు. 1800లో డిక్షనరీ రాస్తానని ప్రకటించాడు. పత్రికలు ఎగతాళి చేశాయి. 1806లో చిన్నది ఒకటి వేశాడు. మరుసటి ఏడాది పెద్దది మొదలుపెట్టాడు. అప్పటికి వయసు దాదాపు యాభై, ఇంటినిండా పిల్లలు.

పెద్ద డిక్షనరీలో కొంతదూరం వెళ్లేసరికి ఆయనకి ఒక పట్టుదల వచ్చింది. ప్రతి మాటా ఎక్కడ పుట్టిందో తేలాలి. అది తేలేదాకా మిగతా పని ఆపేశాడు. గదిలో గుండ్రంగా వంగిన పొడవాటి బల్ల ఒకటి వేయించి, దాని మీద రకరకాల భాషల నిఘంటువులు, వ్యాకరణాలు వరసగా పరిచాడు. ఒక మాట పట్టుకుని ఆ బల్ల వెంబడి పుస్తకం పుస్తకం తిరుగుతూ, ఏ భాషలో ఏ మాట దానికి దగ్గరగా వినిపిస్తుందో రాసుకునేవాడు. హీబ్రూ, అరబిక్, గ్రీకు, లాటిన్, జర్మన్ ఇలా ఇరవై భాషల దాకా. పదేళ్లు ఇదే పని.

ఆ పదేళ్లూ చాలావరకు వృథా అయ్యాయి.

కారణం వింటే బాధేస్తుంది. ప్రపంచ భాషలన్నీ ఒకే ఆదిభాష నుంచి వచ్చాయని, కాబట్టి శబ్దం దగ్గరగా ఉన్న మాటలు చుట్టాలై ఉంటాయని ఆయన నమ్మాడు. శబ్దం ఒకటైనంత మాత్రాన మాట ఒకటి కాదని లక్షల మంది పిల్లలకి పట్టిక వేసి చెప్పిన పంతులు, తన దగ్గరికి వచ్చేసరికి చెవిని నమ్మేశాడు. చెవి ఎంత మోసం చేస్తుందో చూడండి. ఇంగ్లీషులో చాలా అనడానికి ‘మచ్’, స్పానిష్‌లో ‘ముచో’. శబ్దమూ ఒకటే, అర్థమూ ఒకటే. అయినా రెంటికీ ఏ చుట్టరికమూ లేదు, వేరువేరు మూలాల నుంచి వచ్చి అనుకోకుండా ఒకలా తయారయ్యాయి. సంస్కృతంలో ‘పాద’, ఇంగ్లీషులో ‘ఫుట్’ అసలు కలవవనిపిస్తుంది, కానీ అవి నిజమైన చుట్టాలు. ‘పితృ’కి ఎదురుగా ‘ఫాదర్’ ఉన్నట్టే, ‘ప’ ఉన్నచోట ‘ఫ’ ఒక పద్ధతి ప్రకారం వస్తుంది. ఆ పద్ధతిని జర్మనీలో జాకబ్ గ్రిమ్ 1822లో వివరంగా రాశాడు. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడే ఈయన. వెబ్‌స్టర్ ఆ దారి పట్టలేదు.

ఇంకో విశేషం. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, 1816లో, మద్రాసులో ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ అనే అధికారి మన తెలుగు గురించి ఇదే రకం ప్రశ్నకి జవాబు రాశాడు. తెలుగులో సంస్కృతం మాటలు ఇన్ని వినిపిస్తున్నాయి కాబట్టి తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని అప్పటి పండితుల్లో చాలామంది అనుకునేవారు. ఎల్లిస్ వినిపించే పోలికతో ఆగకుండా ధాతువుల్ని, వ్యాకరణాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, సంస్కృతం మాటలు తర్వాత వచ్చి చేరినవనీ చూపించాడు. కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అది అచ్చయింది. ఆ సంగతి అట్లాంటిక్ దాటి వెబ్‌స్టర్ బల్ల మీదకి చేరి ఉంటే ఎలా ఉండేదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సరే, ఆయన పట్టు విడవలేదు. 1824లో, అరవై ఐదేళ్ల వయసులో, కొడుకు విలియంని వెంటబెట్టుకుని ఓడెక్కాడు. అమెరికాలో దొరకని పుస్తకాల కోసం పారిస్ వెళ్లాడు, అక్కణ్ణించి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్. 1825 జనవరిలో కేంబ్రిడ్జ్ అద్దె గదిలో చివరి మాట రాశాడు. చేయి వణికి కలం నిలవలేదట. లేచి గదిలో కాసేపు అటూ ఇటూ నడిచి, కుదుటపడ్డాక ఆ మాట పూర్తి చేశాడు. 1828 నవంబర్‌లో పుస్తకం అచ్చయి వచ్చింది. రెండు సంపుటాలు, 70,000 మాటలు. వేసింది 2,500 ప్రతులు, వెల 20 డాలర్లు. వెబ్‌స్టర్‌కి అప్పుడు డెబ్బై ఏళ్లు.

తండ్రి పొలం తనఖా పెట్టి మొదలైన చదువు అది. రెండో ముద్రణ కోసం కొడుకు తన ఇల్లు తనఖా పెట్టాడు.

ఈ మధ్యలో నీలి అట్ట పుస్తకం తన దారిన తాను నడుస్తూనే ఉంది. ఊరూరా సాయంత్రాలు స్పెల్లింగ్ పోటీలు పెట్టుకుని, అదే పుస్తకం నుంచి మాటలు అడిగేవారు. బాల్టిమోర్‌లో ఫ్రెడరిక్ డగ్లస్ అనే నల్లజాతి బాలుడు ఆ పుస్తకాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాడు. అతను బానిస. అతనికి చదువు చెప్పొద్దని యజమాని ఇంట్లో గట్టిగా ఆపేశాడు. వీధిలో ఆకలితో ఉన్న తెల్ల పిల్లలకి ఇంట్లోంచి తెచ్చిన రొట్టె ముక్క పెట్టి, బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. ఆ కుర్రాడు తర్వాత తప్పించుకుని, అమెరికాలో బానిసత్వానికి ఎదురునిలిచిన గొప్ప వక్త, రచయిత అయ్యాడు. రొట్టె ఇచ్చి స్పెల్లింగ్ కొనుక్కున్న పిల్లాడు. ఆ పుస్తకం రాసినవాడికి ప్రతికి సెంటు కూడా మిగలకపోయినా, దాని ధర ఏమిటో డగ్లస్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు.

ఆ స్పెల్లింగ్ పోటీలే పెరిగి పెద్దవై ఈరోజు అమెరికాలో టీవీలో చూపించే జాతీయ పోటీ అయ్యాయి. భారతీయ కుటుంబాల పిల్లలు, వాళ్లలో తెలుగింటి పిల్లలు కూడా, అక్కడ గెలుస్తున్నారని మీరు వార్తల్లో చూస్తూనే ఉన్నారు. ఈసారి ఆ వీడియోలు చూసేటప్పుడు ఒకటి గమనించండి. మాట చెప్పగానే పిల్లవాడు అక్షరాలు మొదలుపెట్టడు. అర్థం అడుగుతాడు. ఏ భాష నుంచి వచ్చిందని అడుగుతాడు. వాక్యంలో వాడి చెప్పమంటాడు. దేశంలోకెల్లా బాగా స్పెల్లింగ్ తెలిసిన పిల్లలకే వాక్యం కావాల్సి వస్తోంది. మీ ఇంట్లో డిక్టేషన్ చెప్పేటప్పుడు మాత్రం ఒక్కో మాట విడిగా చెప్పి, వెంటనే రాయమంటాం.

మీరు రేపు సాయంత్రం పది మాటల బదులు ఐదు చిన్న వాక్యాలు చెప్పి చూడండి. పిల్లలు ఒక వాక్యంలో వాళ్ల బ్యాగులు అక్కడ పెట్టారనుకోండి, రెండు ‘దేర్’లూ ఒకే చోట పడతాయి. ఏది ఏదో పిల్లవాడే చెప్పాలి, మీరు చెప్పకండి. వాళ్ల అనేదాంట్లో ‘ఎయిర్’, అంటే వారసుడు, దాక్కున్నాడని, అక్కడ అనేదాంట్లో ఇక్కడ అనే ‘హియర్’ దాక్కుందని వాళ్లకి వాళ్లే కనిపెడితే ఇక మర్చిపోరు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో టైప్ చేయించి ఎర్ర గీత రాలేదు కదా అని నమ్మకండి. రెండు స్పెల్లింగులూ నిజమైనవే కాబట్టి చాలాసార్లు యంత్రం ఊరుకుంటుంది.

ఇంకో చిన్న మాట, ఇది ఏ వెబ్‌స్టర్ పట్టికలోనూ ఉండదు. ఇంగ్లీషులో వేరుగా పలికే కొన్ని మాటల్ని మన తెలుగు నోరు కలిపేస్తుంది. పడమర అనే ‘వెస్ట్’కీ, బనియన్ లాంటి ‘వెస్ట్’కీ ఇంగ్లీషువాళ్లు మొదటి శబ్దం వేరుగా పలుకుతారు. మనకి రెండూ ‘వ’ ఒక్కటే. మొదటిదానికి పెదవులు సున్నాలా చుట్టాలి, రెండోదానికి కింది పెదవి పై పళ్లకి తగలాలి. ఈ తప్పులు వినడంలోంచి వచ్చినవి, అద్దం ముందు నిలబెట్టి పలికిస్తే పోతాయి. ‘దేర్’ తప్పు అద్దానికి లొంగదు. పేపరు మీద ఏ తప్పు ఏ రకమో మీరు వేరు చేసి పెడితే, తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్‌తో మాట్లాడటానికి మీ దగ్గర మార్కుల కంటే పనికొచ్చే సంగతి ఉంటుంది.

వెబ్‌స్టర్ 1843 మే 28న న్యూ హేవెన్‌లో చనిపోయాడు. ఎనభై నాలుగేళ్లు బతికాడు. ఆయన డిక్షనరీ హక్కుల్ని ఆ ఏడాదే జార్జ్, చార్లెస్ మెరియమ్ అనే ఇద్దరు అన్నదమ్ములు కొనుక్కున్నారు. 1847లో వెల ఆరు డాలర్లకి దించి వేశారు. 1864లో ఇంకో కొత్త ముద్రణ తయారైంది. దానికోసం కార్ల్ మాన్ అనే జర్మన్ పండితుణ్ణి పెట్టి, మాటల పుట్టుక గురించి వెబ్‌స్టర్ రాసినదాన్ని మళ్లీ మొదటి నుంచి రాయించారు. గుండ్రటి బల్ల చుట్టూ తిరిగిన పదేళ్ల పని అలా పక్కకి తప్పుకుంది. ఒక్కో మాటకి అర్థం ఏమిటో, ఎక్కడ ఎలా వాడతారో ఆయన రాసిన వివరణల్లో చాలావాటిని మాత్రం ఉంచుకున్నారు.